దసరా తర్వాత లాగని కారు

బండి లాగకపోతే చాలు, టర్బో పోయింది, మార్చేయాలి అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఇదే నా గోల.

ఆ రోజు మంచాల నుంచి ఒక డ్రైవర్ తన డీజిల్ కారు తెచ్చాడు. శేరిగూడ కాలేజీల్లో పాఠాలు చెప్పే సార్లను రోజూ ఎక్కించుకొచ్చి దింపుతాడు. వెనక సీట్లో వాళ్లమ్మ కూర్చుని ఉంది.

“పెద్ద అంబర్‌పేట్ కాడ రింగు రోడ్డు ఎక్కుతుంటే వెనకనుంచి లారీ మీదికొచ్చిందన్నా. ఎంత తొక్కినా బండి ఉరుకలే. పానం పోయినంత పనైంది.”

“ఎప్పటిసంది గిట్ల?”

“దసరా అయినంక.”

వేరే షెడ్డులో టర్బో మార్చాలన్నారట. తల్లి కిటికీలోంచి తల బయటపెట్టింది. “మా ఇంటాయన ఆటో తోలుకుంటనే పోయిండు బిడ్డా. ఇగ వీణ్ని ఒక్కణ్ని పంప. జర మంచిగ చూడు.”

ఆమె గొంతు విన్నాక తొందరపడి ఏదో ఒకటి చెప్పి పంపడానికి నాకు మనసు రాలేదు.

టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నూకే చక్రం. ఆ గాలి తగ్గితే ఎంత తొక్కినా కారు మూలుగుతుందే తప్ప కదలదు. స్కానర్ పెడితే గాలి ఒత్తిడి చాలడం లేదంది. ఎందుకు చాలదో అది చెప్పదు, ఆ పాట్లు మనవే. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. పెద్ద గొట్టాలు ఎక్కడా చినగలేదు. టర్బో గాలిని పెంచడానికి దాని పక్కనుండే చిన్న కడ్డీ మాత్రం, ఇంజన్ స్టార్ట్ చేసినా కదల్లేదు. అదే కడ్డీని గాలి పీల్చే చిన్న చేతిపంపు తగిలించి లాగి చూస్తే హాయిగా కదిలింది. అంటే కడ్డీ మంచిదే, టర్బో మంచిదే. దాన్ని లాగే శక్తి ఒక సన్నని రబ్బరు పైపులోంచి రావాలి. అదే రావడం లేదు.

ఆ పైపును వేళ్లతో తడుముకుంటూ పోయాను. బ్యాటరీ వెనక ముడి తగిలింది. పసుపు దారం, దానికో పసుపు కొమ్ము, ముడి మీద ముడి. పైపు నడుము నొక్కుకుపోయి ఉంది.

“ఓరి దేవుడా! ఎవలు చేసిన పని ఇది?” అని అరిచాను. నా నోరు ఊరుకోదు మరి.

తల్లి మెల్లగా దిగి వచ్చింది. “నేనే బిడ్డా. బండి పూజ నాడు కట్టిన. స్టీరింగుకు కడ్తే వీడు తెంపి పారేస్తడని లోపల కట్టిన.”

కత్తెర తీశాను గానీ, దేవుడి దారం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. విసుక్కుంటూనే ముడులన్నీ విప్పి, నలిగిన చోట కొత్త పైపు ముక్క వేశాను. స్టార్ట్ చేయగానే కడ్డీ కదిలింది. కొడుకు సాగర్ రోడ్డు మీద ఒక చక్కరు కొట్టి వచ్చాడు. బండి మస్తుగా లాగిందట. అయినా దిగుతూనే తల్లి మీద పడ్డాడు.

“లారీ కింద పడి సచ్చేటోణ్ని గదనే అవ్వా! గంత గట్టిగ ఎవలు కట్టుమన్నరు?”

ఆమె నా చేతిలోని దారం వైపే చూస్తోంది.

“మీ బాపు ఆటోకు లూజుగ కట్టిన కొడ్కా. యాడనో ఊడి పడిపోయింది. గా వారంలనే పోయిండు.”

పైపులకు దారాలు కట్టేవాళ్లను తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. కానీ నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

కొడుకు నా చేతిలోంచి దారం తీసుకుని తల్లి చేతిలో పెట్టాడు. చొక్కా చేయి పైకి మడిచి మణికట్టు చాపాడు.

“ఇగ ఈడ కట్టవ్వా. గట్టిగనే కట్టు.”