నడక అక్కది, కత్తి తమ్ముడిది

దర్జీ అక్క నోటికి జడిసి ఆ వీధిలో ఎవరూ గడువుకు ముందు బట్టలు అడగరు. చొక్కా చేతులు పొట్టి చేయించాలన్నా, నడుము వదులు చేయించాలన్నా ఆమె దగ్గరికే వస్తారు, రెండు చీవాట్లు తిని మరీ వెళతారు. అంతటి మనిషి సాయంత్రం షట్టరు దించగానే పరుగులాంటి నడకతో ఇల్లు చేరేది. అక్కడ కంప్యూటరు ముందు తమ్ముడు ఎదురుచూస్తూ ఉండేవాడు.

బండి మీంచి పడ్డాక అతని ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది. గోడకేసి తిరిగి పడుకున్నవాణ్ణి లేపి కూర్చోబెట్టింది ఒక పాత కత్తియుద్ధం ఆట. దానికి రెండు చేతులు కావాలి. అందుకని ఇద్దరూ కలిసి ఒకే వీరుణ్ణి ఆడించేవారు. మౌసు పట్టి కత్తి తిప్పడం తమ్ముడి వంతు, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి వీరుణ్ణి నడిపించడం అక్క వంతు.

"వెనక్కి అక్కా, వెనక్కి! గోతిలోకి తీసుకెళ్తావేంటి?"

"నువ్వు ఆకాశంలోకి చూస్తూ కత్తి ఊపితే నేనేం చెయ్యనురా? ముందు కింద చూడు!"

ఇలా పోట్లాడుకుంటూ ఏళ్ళు గడిపారు. మొదట్లో అక్కకు ఆటలంటే చిరాకు. పోనుపోను ఆ కాసేపే ప్రాణమైంది. రోజంతా ఊళ్ళోవాళ్ళ నడుములు కొలిచే మనిషికి, ఇది నాది అని చెప్పుకోవడానికి ఉన్నది తమ్ముడి పక్కన ఆ ఒక్క కుర్చీయే.

ఒక సాయంత్రం వచ్చి చూస్తే తెర కొత్తగా ఉంది. బొమ్మలన్నీ చోటు మారాయి. ఆట మీద నొక్కితే, ఇది ఈ సిస్టమ్‌లో పనిచేయదన్న మాట వచ్చి కూర్చుంది.

"దానంతటదే అప్‌గ్రేడ్ అయిపోయిందక్కా," అన్నాడు తమ్ముడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "వాళ్ళే ముందుగా, డిఫాల్ట్‌గా అలా పెట్టేస్తారట. మన చేతుల్లో ఏముంది?"

అక్క ఒంటికాలి మీద లేచింది. అడగకుండా ఇంట్లో దూరి సామాన్లు సర్దడానికి వాళ్ళెవరంటూ ఆ కంపెనీవాళ్ళను ఏడు తరాలూ కలిపి దులిపేసింది. మర్నాడు షాపులో మిషను తొక్కుతూ తిట్టింది, గుండీలు కుడుతూ తిట్టింది, పాపం కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకూ వినిపించింది. తమ్ముడేమో "పోనీలే అక్కా, వదిలెయ్" అంటూనే ఉన్నాడు. అక్కకెందుకు శ్రమ అని అంటున్నాడనుకుని ఆమె ఇంకా కరిగిపోయింది.

సంగతి విని కంప్యూటర్ల రిపేరు షాపు బాబాయి దారి చెప్పాడు. "కంప్యూటరును నడిపించే సిస్టమ్ ఇంకోటి ఉందమ్మా. ఇష్టంకొద్దీ నలుగురూ కలిసి తయారుచేసి ఊరికే ఇస్తారు. మీ పాత ఆట దాని మీద ఆడుతుంది. ఇప్పుడున్నది తీసెయ్యక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి."

ఇంకేముంది! తమ్ముడు వద్దు వద్దంటున్నా వినకుండా అక్క కంప్యూటరు డబ్బాను చంకన పెట్టుకుని బయలుదేరింది.

బాబాయి ఆ సిస్టమ్ ఎక్కించాడు. ఆట తెరుచుకుంది. చివరిసారి ఎక్కడ ఆపారో అక్కడే, గొయ్యి అంచున, వాళ్ళ వీరుడు నిలబడి ఉన్నాడు. అక్క మొహం చేటంత అయింది.

"మీవాడు గట్టివాడేనమ్మా," అన్నాడు బాబాయి. "అప్‌గ్రేడ్ చేసినదాంట్లో చూశాను, మౌసు పక్క బటన్లకే నడక కూడా కలిపేసుకున్నాడు. ఒంటిచేత్తో ఆడుకునే ఏర్పాటు. కొత్త ఆట, అందులో కలిసి ఆడే ఒక జట్టు, అన్నీ పెట్టుకున్నాడు."

"అవన్నీ డిఫాల్ట్‌గా వచ్చి ఉంటాయిలే బాబాయ్."

"అబ్బే! డిఫాల్ట్‌గా అది ఆపేసి ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోవాలి. అంతెందుకు, ఇంత పాత మిషన్లో అప్‌గ్రేడ్ కూడా దానంతటది అవ్వదు. సరేనా అని అడుగుతుంది. మనం సరే అంటేనే కదులుతుంది."

అక్కకు కంపెనీవాళ్ళను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. తను అలా గొంతు చించుకుంటుంటే, వాడు పక్కనే కూర్చుని అన్నీ విన్నాడు.

"ఆన్ చెయ్యగానే రెండిట్లో ఏది కావాలని అడుగుతుందమ్మా," అన్నాడు బాబాయి. "ఎవరూ ఏమీ నొక్కకపోతే ఏది తెరుచుకోవాలి? డిఫాల్ట్‌గా ఏది పెట్టమంటావు?"

"వాడిదే పెట్టు," అంది.

ఇంటికొచ్చి డబ్బాను బల్ల కింద పెట్టి వైర్లన్నీ తగిలించింది. అప్పుడడిగింది. "నువ్వేగా సరే అని నొక్కింది?"

తమ్ముడు తల దించుకున్నాడు. "ఒక్కసారైనా నా నడక నేనే నడవాలనిపించిందక్కా. అడిగితే నువ్వు సరే అంటావు. అనేసి, ఆ కుర్చీ తీసుకెళ్ళి గోడ పక్కన పెట్టేస్తావు. అది చూడలేక..."

"అందుకని అబద్ధమాడావా? లెమ్మంటే లేచేదాన్ని కదరా! ఊరందరి ముందూ నన్ను వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టావు."

అక్క స్విచ్ వేసింది. తెర మీద రెండు పేర్లు వచ్చాయి, పక్కన అంకెలు తగ్గుతున్నాయి.

"మన ఆట రెండోదాంట్లో ఉంది. కింది బాణం నొక్కితే చాలు," అంది తన కుర్చీలో కూర్చుంటూ. తను మాత్రం కీబోర్డు ముట్టుకోలేదు.

తమ్ముడి కుడి చెయ్యి మౌసు మీంచి లేచింది. కీబోర్డు దాకా వచ్చి ఆగింది.

"జట్టువాళ్ళు నాకోసం చూస్తుంటారక్కా," అన్నాడు మెల్లగా.

అంకెలు అయిపోయాయి. తమ్ముడి సిస్టమ్ తెరుచుకుంది. అక్క లేచి, కుర్చీని ఎత్తి, గోడ పక్కన పెట్టింది.