బావగారి పత్యం

మొన్న కొత్త చెప్పు కరిచి నా మడమ దగ్గర చిన్న పుండు పడింది. తాడేపల్లిగూడెం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా కోడలు, తెల్ల రక్తకణాలు ఏం చేస్తాయో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పే మనిషి, ఆ మధ్యాహ్నం నా కంచం దగ్గర నుంచి పప్పు గిన్నె మెల్లగా పక్కకు జరిపి, "పుండు మానేదాకా వద్దులెండి అత్తయ్యగారూ, చీము పడుతుంది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె ఇవతలకి లాక్కుని రెండు గరిటెలు ఎక్కువే వేసుకున్నాను గానీ, తింటున్నంతసేపూ మా బావగారే గుర్తొచ్చారు.

బావగారంటే మా అక్క భర్త. ఇరవయ్యేళ్ళ కిందటి మాట, నేను అప్పుడు ఏలూరులో టీచరుని. వాళ్ళది భీమడోలులో రైలు దిగి ఆటో ఎక్కి వెళ్ళాల్సిన కొల్లేటి పక్క ఊరు. చేపల చెరువులు ఉండేవి. చేపలు పట్టే పట్టుబడి రోజున కూలీలతో పాటు తానూ చెప్పుల్లేకుండా చెరువులోకి దిగకపోతే ఆయనకు తోచేది కాదు. అలా దిగినప్పుడు ఒకసారి అరికాల్లో నత్తగుల్ల గుచ్చుకుంది. అప్పటికే షుగరుతో కాళ్ళు మొద్దుబారిపోయి ఉన్నాయి కనుక ఆయనకా సంగతే తెలియలేదు. దుప్పటికి రక్తం అంటితే అక్క చూసి కనిపెట్టింది.

ఇక చూడండి, ఊరు ఊరంతా వైద్యులైపోయారు. చర్చి నుంచి పెద్దలు వచ్చి కాలి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, మంచి మనసుతోనే, ఒక్కొక్కరూ ఒక్కొక్క పత్యం చెప్పి వెళ్ళేవారు. పప్పు వద్దు, చీము. గుడ్డు వద్దు, వేడి. చేప అయితే గుమ్మం తొక్కనివ్వకూడదు. బొచ్చె చేపలూ శీలావతులూ లారీలకెత్తి పంపే ఇంట్లో యజమానికి బీరకాయ కూరా, కారప్పొడీ, చారూ. కూర చాలదు కదాని ఇంకాస్త అన్నం. మనిషి నీరసించాడని పైన గ్లూకోజు నీళ్ళు. షుగరు మనిషికి గ్లూకోజేమిటే అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే, మాత్ర వేసుకుంటున్నారు కదా అనేది అక్క.

ఎలాగో ఏలూరు తీసుకొచ్చి సర్జను గారికి చూపించాను. ఆయన ఓపికున్న మనిషి. దెబ్బ తగలగానే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరి క్రిముల్నీ చచ్చిన కండనీ తినేస్తాయని, ఆ పని అయ్యాక వాటిలోనే కొన్ని తీరు మార్చుకుని కొత్త కండ పుట్టడానికి సాయపడతాయని, షుగరు ఎక్కువగా ఉంటే అవి ఆ తీరు మార్చుకోలేక ఇంకా కొట్లాటలోనే ఉండిపోతాయని, అందుకే పుండు నెలల తరబడి మానదని చెప్పారు. ఇల్లు పడగొట్టే కూలీలు వెళ్ళకపోతే తాపీమేస్త్రీ ఎక్కడ నిలబడతాడు అన్నారు. అన్నం తగ్గించి గుడ్డు, పప్పు, చేప తినకపోతే ఆ కణాలకు బలం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇలాగే ఉంటే కాలు తీసెయ్యాల్సి వస్తుంది అని కూడా చెప్పారు. బావగారు అంతా విని, "అలాగేనండీ" అన్నారు. అక్కా అలాగేనండీ అంది. మా వైపు అలాగేనండీ అంటే విన్నామని అర్థం, చేస్తామని కాదు. ఇంటికెళ్ళి మళ్ళీ బీరకాయే.

నాకు విసుగొచ్చి బావగారిని మా ఇంట్లోనే ఉంచేసుకున్నాను. ఇన్సులిను పడింది. రోజూ కట్టు మార్పించాను, గుడ్లు ఉడకబెట్టాను, చేపల పులుసు వండాను. మొదటి ముద్ద ఆయన దొంగతనం చేస్తున్నవాడిలా తిన్నారు. కొన్నాళ్ళకు తెల్లగా పాలిపోయి ఉన్న పుండు అడుగున ఎర్రటి కండ కనిపించింది. సర్జను గారు చూసి, ఇదే నేను ఎదురుచూస్తున్నది అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే చర్చి పెద్దలు అక్కను వెంటబెట్టుకుని ఊరి నుంచి పరామర్శకు వచ్చారు. కట్టు మార్చే వేళకు మంచం చుట్టూ నిలబడి చూశారు. "ఎర్రగా రేగిపోయిందండీ. బాగా వేడి చేసింది. అక్కడ ఉన్నప్పుడు తెల్లగా, చక్కగా ఆరుతూ ఉండేది" అన్నారు. ఎరుపే మంచిదని, కొత్త కండ అని, డాక్టరు గారి మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అలాగేనండీ టీచరుగారూ అన్నారు. మర్నాడు ఆటో పిలిచి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. అక్క నా మొహం చూడకుండా ఆయన బట్టలు సర్దింది.

పొలాల్లో కోతలయ్యేసరికి కాలు నల్లబడింది. మోకాలి కిందికి తీసేశారు.

ఆ గాయం కూడా మానాక నేను చూడ్డానికి వెళ్తే, అక్క ఆయన పక్కన కూర్చుని చేపల పులుసు ముళ్ళు ఏరి పెడుతోంది. ఇంక పుండు లేదు కదే, తినొచ్చు అంది. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. నేను బయటికొస్తుంటే అక్క గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మంచికే పెట్టావులేవే. ఆయనకు పడలేదు. అందులో నీ తప్పేముంది" అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ కాలు నా చేపల పులుసు వల్లే పోయిందని మా అక్క నమ్ముతోందని. బావగారు పోయి, అక్క కూడా పోయేదాకా ఆ నమ్మకం అలాగే ఉంది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటా షుగరు మిషన్లు, చెరువు గట్ల మీద మోకాళ్ళ దాకా బూట్లు. అంతమంది కలిసి మంచం చుట్టూ నిలబడే రోజులు మాత్రం పోయాయి. ఎవరికి ఏమనిపిస్తే అది మొహానే అనేస్తున్నారు, అది మోటు అంటారు నా వయసు వాళ్ళు. నేను అనను. మా అక్క నన్ను ఒక్కసారి మోటుగా తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిడితే జవాబు చెప్పేదాన్ని. క్షమించేసిన మనిషికి ఏం చెప్పను?