గోధుమ బాతు

ఆవిరి మీద ఉడికిన పిండిముద్దకు లోకంలో ఎన్ని పేర్లున్నాయో చెప్పడం కష్టం. మనం కుడుము అంటాం. నేపాలీలు మోమో అంటారు. చైనా దక్షిణాన చిన్న చిన్న వెదురు బుట్టల్లో పెట్టుకుని, టీ తాగుతూ తినే రకరకాల వాటన్నిటికీ కలిపి డిమ్ సమ్ అని పేరు. ఆ దేశపు బౌద్ధ మఠాల్లో మాంసం ముట్టరు. కానీ మఠానికి వచ్చే పెద్దమనుషులవి మాంసం మరిగిన నాలుకలు. వాళ్ళకోసం అక్కడి వంటవాళ్ళు గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసికి పిసికి, తెల్లటి గంజంతా పోయాక మిగిలిన జిగటతో కోడినీ చేపనూ బాతునూ అచ్చు దించేవారు. వందల ఏళ్ళనాటి విద్య అది. దాన్ని మోసమని ఎవరూ అనలేదు, ఎందుకంటే వడ్డించేవాడికీ తినేవాడికీ ఇద్దరికీ సంగతి తెలుసు.

ఇవేవీ తెలియని రాజేశ్వర్ ఒక ఆదివారం మధ్యాహ్నం, అబుదాబి ఊళ్ళో చైనావాళ్ళ శాకాహార హోటల్లో, గుండ్రటి బల్ల ముందు, పెళ్ళికి తొడుక్కున్నట్టు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బిగుసుకుని కూర్చున్నాడు. కోరుట్ల పక్క పల్లె అతనిది. ఊరి బయటి ఫ్యాక్టరీల పేట ఐకాడ్‌లో ఇనుప గొట్టాలు అతికే వెల్డరు. ఎదురుగా కూర్చున్నవాడు భూమేశ్. ఒకే ఊరు, ఒకే కులం, వరసకు బావ. ఇద్దరూ ఒకే ఏడు గల్ఫ్ వచ్చి, ఒకే రూములో ఒకరు పైమంచం, ఒకరు కిందిమంచం పంచుకున్నారు. తరవాత భూమేశ్ కూలీలుండే ఆ క్యాంపుకు ఇన్‌చార్జి అయ్యాడు. వేరే గది వచ్చింది, ముదీర్లతో, అంటే ఆఫీసు మేనేజర్లతో, కూర్చుని నవ్వడం వచ్చింది.

ఇవాళ వచ్చిన పని ఒకటే. భూమేశ్ కొడుకు రాజశేఖర్‌కు రాజేశ్వర్ బిడ్డ స్వర్ణను ఖాయం చేసుకోవాలి.

"నీసు ముట్టనోళ్ళం, మనకు ఉడిపి హోటలే గతా? ఇడ్లీ ముంగట వెట్టుకొని వియ్యం మాట్లాడుకుంటమా? ముదీర్లు వొయ్యే జాగకు తీస్కవోత నడువు," అన్నాడు భూమేశ్. అలా వచ్చారు.

నీసు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. రాజేశ్వర్‌ను వాళ్ళ ఊళ్ళో అందరూ ఎరిగింది దాని వల్లే. దసరాకు పదిళ్ళు కలిసి మేకను కోస్తే పోగులు వేసేవాడు అతనే. కారిజం, బొక్క, కొవ్వు, మెత్తటిది అన్నీ ప్రతి కుప్పలో సమంగా పడేవి. అతను వేశాక ఎవరూ పక్క కుప్ప వైపు చూసేవారు కాదు. అంతే ఇష్టంగా తినేవాడు. క్యాంపులో కూడా సెలవు రోజు మటన్ గిన్నె అతని చేతిలోనే ఉండేది.

అటువంటివాణ్ణి కరోనా ఏడు అంబులెన్సు వచ్చి ఎత్తుకుపోయింది. ఏ దవాఖానకు తీసుకుపోయారో కూడా కొన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. ఊళ్ళో భార్య లింగవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకునే భూమేశ్‌కు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అప్పుడు భూమేశ్ అన్నాడట: "ఏడ్వకు చెల్లే. నేను ఎములాడ రాజన్నకు మొక్కిన. బావ పాణంతోని తిరిగొస్తే జన్మల నీసు ముట్ట."

రాజేశ్వర్ తిరిగొచ్చాడు, సగం మనిషై. ఆ మొక్కు సంగతి లింగవ్వ నోటే విన్నాడు. బొక్కలు పగలగొట్టి మూలుగ జుర్రే మనిషి తన ప్రాణం కోసం నోరు కట్టుకున్నాడా! ఆయన ఒక్కడే ఎందుకు మోయాలని ఆ రోజే తనూ వదిలేశాడు. అప్పటినుంచీ సెలవు రోజు రూములో మిగతావాళ్ళు కోడి వండుకుంటుంటే రాజేశ్వర్ ఒక మూల పప్పు, చారు, భూమేశ్ కోసమని ప్రత్యేకంగా ఆలుగడ్డ వేపుడు చేసేవాడు. భూమేశ్ వచ్చి కూర్చుని, కోడి వాసన వచ్చిన వైపు ఒకసారి చూసి, "ఏం జేద్దాం బావా, మొక్కు మొక్కే," అని నిట్టూర్చేవాడు. రాజేశ్వర్ ఇంకో గరిటె వేపుడు వడ్డించేవాడు. ఊళ్ళో లింగవ్వ సోమవారం సోమవారం భూమన్న పేర దీపం పెట్టేది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆమె మొదటి మాట ఒకటే: "భూమన్న తిన్నడా?"

ఎండలు ముదిరే ముందు ఒకనాడు భూమేశ్ అడిగాడు: "నీ పాణం కోసం నోరు కట్టుకున్నోన్ని. నాకింకేం వద్దు బావా, నీ బిడ్డను నా ఇంటికి తోల్."

రాజేశ్వర్ మరో ఆలోచన చేయలేదు. కరీంనగర్‌లో నర్సింగ్ చదివే స్వర్ణ మాత్రం, "నాకిష్టం లేదు బాపూ. శేఖర్ బావ మంచోడే కావచ్చు. నేను చదువైనంక నౌకరి జేస్త," అంది.

"మీ బాపు బతికుండుడే ఆ మామ పెట్టిన భిక్ష. నోరు మూస్కో," అన్నాడు రాజేశ్వర్.

ఆ పిల్ల నిజంగానే మూసుకుంది. అప్పటినుంచి తండ్రికి తనంతట తాను ఫోన్ చేయలేదు.

హోటల్లో ముందు పాలు లేని టీ వచ్చింది, చెవి లేని కప్పుల్లో.

"గిదేంది, వేన్నీళ్ళల్ల ఆకు ముంచిచ్చిండ్రు?"

"తాగు బావా, సల్లవడుతది. వియ్యంకునివి అయితున్నవ్, జర షోకు నేర్వాలె."

వెదురు బుట్టలు వచ్చాయి. లోపలి పాలకూర పచ్చగా కనపడేంత పలుచటి తోలుతో కుడుములు. లింగవ్వ చేసే కుడుమైతే విసిరితే కుక్క పారిపోతుంది, ఇవి ఊదితే ఎగిరిపోయేట్టున్నాయి. రాజేశ్వర్ చేత్తోనే తీసుకున్నాడు. భూమేశ్ మాత్రం రెండు పుల్లలతో, కొంగ చేపను పట్టినట్టు, ఒక్కొక్కదాన్నే పట్టి నోట్లో వేసుకుంటున్నాడు.

"గీ పుల్లల పని ఎప్పుడు నేర్చినవ్ బావా?"

"ఆఫీసోళ్ళతోని తిరుగుతె అన్నీ వస్తయ్."

అప్పుడు వచ్చింది ఆ పళ్ళెం. ఎర్రగా నిగనిగలాడుతూ, ఈకలు పీకిన గుంతలు తోలు మీద కనపడుతూ. రాజేశ్వర్ చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"ఏంది బావా ఇది?"

"బాతు."

"బాతా!" కుర్చీ వెనక్కు జరిగింది.

భూమేశ్ పడీ పడీ నవ్వాడు. "కూసో, కూసో! ఉత్తుత్తి బాతు. గోధుమపిండి." నేపాలీ వెయిటరు కూడా వచ్చి, తమ వంటింట్లోకి ఏనాడూ మాంసం రాలేదని హిందీలో ఒట్టు పెట్టాడు. రాజేశ్వర్ కూర్చుని, భయం భయంగా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తరవాత పళ్ళ కింద ఆ నార, ఆ నమలడం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిండే అని తెలిసినా ఏదో తప్పు చేసినట్టే అనిపించింది.

"బాతు గిట్లనే ఉంటదా బావా?" అమాయకంగానే అడిగాడు.

"యాడిది!" నిండు నోటితో అన్నాడు భూమేశ్. "అసలుది గిట్ల సాగది. తోలు కర్రుమంటది. దాని కింద కొవ్వు, నోట్లె ఏస్తె ఎన్న లెక్క కరుగుతది. ఇగ మెడకాడి ముక్క అయితే..." పెదవి నాకబోయి ఆగాడు.

వాళ్ళ ఊళ్ళో బాతు తినే ఇల్లు ఒక్కటి లేదు. క్యాంపులో ఏ రూములోనూ వండిన పాపాన పోలేదు. పోగులు వేసిన మనిషికి ఇంకోటి కూడా తెలుసు: మెడ దగ్గరి ముక్క రుచి ఎవరో చెబితే వచ్చేది కాదు, నమిలితేనే తెలుస్తుంది.

"ఎప్పుడు తిన్నవ్ బావా?"

"ఆ... ఎవలో చెప్పంగ విన్న."

"విన్నోళ్ళు పెదిమ నాకరు."

భూమేశ్ బల్ల మధ్యలో గుండ్రంగా తిరిగే అద్దపు పీటను ఊరికే తిప్పాడు. బాతు అవతలికి పోయి, చుట్టు తిరిగి మళ్ళీ ఇద్దరి మధ్యకు వచ్చి ఆగింది.

"ముదీర్ దావత్ ఇచ్చిండు. కాదంటె బాగుంటదా?"

"మరి మొక్కు?"

భూమేశ్ పుల్లలు కింద పెట్టాడు. "ఏం మొక్కు బావా. ఆ దినం మా చెల్లె గుండె వలిగేటట్టు ఏడుస్తుంది. నువ్వు యాడున్నవో నాకే ఎరుక లేదు. ఏదో ఒకటి అనాలె గదా, నోట్లెకు గది వచ్చింది, అన్న. ఆమె ఏడుపు ఆపింది. నువ్వు బతికొచ్చినవ్. ఖలాస్."

తను దవాఖాన నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఈ మాట చెప్పి ఉంటే రాజేశ్వర్ అతణ్ణి కావలించుకునేవాడు. ఆ మాట పట్టుకునే కదా లింగవ్వ ఆ నాడు ఇంత నిద్రపోయింది. కానీ ఆ నిట్టూర్పులు? ఆలుగడ్డ వేపుళ్ళు? సోమవారం దీపాలు?

"అబద్ధమాడినందుకు కాదు బావా," అన్నాడు. "దాన్ని మూటగట్టి దాచుకొని, దాని మీద నా బిడ్డను అడిగినవ్ సూడు. నేను ఇయ్య."

"అరె! బాతు ముక్కకు సంబంధం ఇడ్సిపెడ్తవా? ఊళ్ళోళ్ళు ఇంటె నవ్వుతరు. నా కొడుకు ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే. నా బిడ్డ వద్దన్నది. నీ మొక్కును సూసి నేనే దాని నోరు మూయించిన."

భూమేశ్‌కు కోపం వచ్చింది. అది నిజమైన కోపమే. "ఇన్నేండ్లు నీ చప్పటి పప్పు తిన్న. వారం వారం. దానికి సుత ఇజ్జత్ లేదా?"

రాజేశ్వర్‌కు నవ్వు వచ్చినట్టే వచ్చి, దారిలోనే ఎటో పోయింది. లేచాడు. బుట్టలో చివరి కుడుము ఇంకా ఆవిర్లు కక్కుతూనే ఉంది.

క్యాంపుకు పోయే ముసఫా బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, బోటిమ్ యాప్‌లో స్వర్ణకు ఫోన్ కలిపాడు. ఆ పిల్ల బాపూ అని కూడా అనలేదు.

"ఖాయమైందా?"

"కాలే బిడ్డా. ఇయ్యనన్న."

"నా కోసమా?"

అవును అంటే సరిపోయేది. నోరు రాలేదు. "నీ కోసం అప్పుడే అనాల్సింది. ఇయ్యాల వేరే ముచ్చట మీద అన్న."

"అమ్మకు ఎరుకనా? నేను చెప్పాల్నా?"

"వద్దు. నేనే చెప్త."

అది చెప్పడమే కష్టం. రేపు సోమవారం. లింగవ్వ ఒత్తి కూడా చేసి పెట్టుకుని ఉంటుంది. ఐకాడ్ షెడ్లు కనపడేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి నొక్కాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"భూమన్న తిన్నడా? పాపం, ఆ చైనోళ్ళకాడ ఆయనకేం దొరుకుతది..."

"తిన్నడు," అన్నాడు రాజేశ్వర్. "కడుపునిండ తిన్నడు. ఆ బీడీల చాట జర పక్కకు పెట్టు. నీకొక ముచ్చట చెప్పాలె."