సున్నాకి కింద నేల

రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు కాలవల మ్యాపులు గీసి రిటైరైన రాజరత్నానికి రెండువేల ఆరులో ఓ పిచ్చి పట్టుకుంది. వాళ్ళ లూథరన్ చర్చి నూరేళ్ళ పండక్కి యెరూషలేం ప్రాంతమంతా థర్మకోల్‌తో చెయ్యాలి. ఊరికే బొమ్మలా కాదు. గలిలయ సరస్సులో చెంబెడు నీళ్ళు పోస్తే యొర్దాను నదిలో పారి మృతసముద్రంలో పడాలి. పాస్టరుగారికి మాట కూడా ఇచ్చేశాడు.

అట్లాసుల్లో రంగులున్నాయి గానీ ఎత్తుల లెక్కల్లేవు. దానవాయిపేటలో బుల్లిరాజు నెట్ సెంటర్‌కి పోయి కూర్చున్నాడు. నాలుగు రోజులు వెతికాక దొరికింది.

"అమెరికావాళ్ళు పైనుంచి రాడార్‌తో కొలిచి ఫ్రీగా పెట్టారండి. వాళ్ళ దేశానికి ముప్ఫై మీటర్లకో ఎత్తు. మిగతా లోకానికి తొంభైకొకటి" అన్నాడు బుల్లిరాజు.

"చాల్లే. అక్కడ మనమేం వరి వెయ్యం."

"ఓ చోట మైనస్ ముప్ఫై రెండువేలని పడిందండి. కొలత దొరక్కపోతే అలా వేస్తారంట. ఇంకా మైనస్ రెండొందలు, నాలుగొందలు కూడా బోలెడున్నాయి."

"అన్నీ తప్పులే. మైనస్ కనిపిస్తే సున్నా చేసెయ్. సముద్రం కన్నా నాలుగొందల మీటర్లు పల్లంలో నేలుంటుందటయ్యా? అంతర్వేదిలో అడుగు తగ్గితేనే ఉప్పునీళ్ళు చేలోకొస్తాయి!"

బుల్లిరాజు సున్నా చేసేశాడు. రాజరత్నం వంద మీటర్లకో షీటు చొప్పున మూడు వారాలు కోసి, అతికించి, రంగులేశాడు. పండగ ఇంకా పది రోజులుంది. వసారాలో చెంబుతో నీళ్ళు పోశాడు. గలిలయలో పోసిన నీళ్ళు అక్కడే నిలబడి, చుట్టూ పొర్లి, అతని లుంగీ తడిపాయి.

భార్య సూరమ్మ గుమ్మంలోంచి చూసింది. "ఏవండీ, ముప్ఫై ఏళ్ళు కాలవల దగ్గర చేసి, పారని ఏరు తవ్వారా?"

ఆ రాత్రి రాజరత్నం బొమ్మ మీద వేలు పెట్టి చూసుకున్నాడు: గలిలయా సున్నాయే, మృతసముద్రమూ సున్నాయే. మర్నాడు సెంటర్ తలుపు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డాడు.

"ఆ మైనస్‌లు మళ్ళీ చూపించు."

గలిలయ దగ్గర మైనస్ రెండొందల పది. మృతసముద్రం దగ్గర మైనస్ నాలుగొందల ఇరవై చిల్లర. రాజరత్నం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా పట్టుమని పదిహేను మీటర్ల వాలు లేని చోట నీళ్ళు నడిపించిన మనిషి. అక్కడ రెండొందల మీటర్లు!

"తప్పు వాళ్ళది కాదయ్యా, నాదే. నిజంగానే అక్కడ నేల సముద్రానికి కిందుంది."

మొత్తం బొమ్మని అయిదు షీట్ల మీదకి ఎత్తి, నది దారంతా కత్తితో లోపలికి చెక్కాడు. తొమ్మిది రోజులు. సూరమ్మ పక్కనే కూర్చుని జిగురు రాసింది.

పండగనాడు పాస్టరుగారు చెంబు వంచారు. నీళ్ళు మెలికలు తిరుగుతూ, ఎక్కడా ఆగకుండా, మృతసముద్రంలోకి దిగాయి. చప్పట్లు ఆగాక, ముందు వరసలో మండపేట రైతొకాయన లేచాడు.

"బావుందండీ. మరి దీనికి మురుగు కాలవేదీ?"

"లేదండి. ఆ నీళ్ళు ఎటూ పోవు, ఎండకి ఇగిరిపోతాయి."

"అయ్యో, మన ఇంజినీర్లెవరూ లేరా అక్కడ!"

రాజరత్నం పొట్ట పట్టుకుని నవ్వాడు.