పొగ తాగిన నెత్తురు

ఆ ఇంట్లో చిన్నకోడలికి అత్తగారు పెట్టిన పేరు 'నిద్రమొహం'. నీళ్ల బకెట్ ఎత్తితే ఆయాసం, రెండు మెట్లెక్కితే గుండెదడ, వంగి లేస్తే కళ్లు బైర్లు. "కూర్చుంటే లేవదు, లేస్తే నిలవదు. దీన్ని కట్టుకుని మావాడు బాగుపడ్డట్టే!" అని పక్కింటికి వినబడేలా అనేదావిడ. పెళ్లికి ముందు సిమెంటు బస్తా ఎత్తి భుజానేసుకున్న మనిషి, తనలోనే ఏదో లోటుందని నమ్మేసింది.

వాళ్లది బంగారు పూత పని. పాదరసంలో బంగారం కలిపిన ముద్దను ఇత్తడి బొమ్మలకు పూసి కాలుస్తారు. పాదరసం పొగై పోతుంది, బంగారం అంటుకుని మిగులుతుంది. వంటింటి పక్క గదిలోనే పొయ్యి. పూసేది భర్త, పట్టకారుతో పట్టుకుని సెగ మీద తిప్పేది ఆమె. గాలికి మంట చెదురుతుందని కిటికీ మూసే ఉంచేవాళ్లు.

ఒకరోజు ఆ పొయ్యి ముందే విరుచుకుపడిపోయింది. భర్త ఆసుపత్రికి మోసుకెళ్లాడు. రక్తం తక్కువని వీధి చివరి డాక్టరు ఏళ్లతరబడి మింగించిన ఇనుము బిళ్లలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం ఆమె చిగుళ్లు చూసింది, వణికే వేళ్లు చూసింది. "ఏం పని చేస్తావమ్మా?" అంది. అన్నాళ్లలో ఆ మాట అడిగినవాళ్లే లేరు.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ చెప్పింది: "ఇనుముకేం లోటు లేదు. నువ్వు పీల్చిన పాదరసం నెత్తుర్లో కలిసి ఎర్రకణాలను పాడుచేస్తోంది. అవి ముందే చితికిపోతున్నాయి, కొత్తవి సరిగా పుట్టడం లేదు. ఆ పొగ మానకుండా ఏ మందూ పనిచేయదు."

"అయితే నేను సోమరిదాన్ని కాదన్నమాట!"

"అలా అన్నదెవరు?"

ఆమె లేచి ఇంటిదారి పట్టింది. దారంతా పళ్లు కొరుకుతూ నడిచింది.

అత్తగారు సంగతి విని మూతి తిప్పింది. "నేనూ ఆ సెగ దగ్గరే ముసలిదాన్నయ్యాను. నాకేమైంది?"

"మీ చేతిలో గ్లాసు చూసుకోండి, అత్తయ్యా!"

నీళ్లు ఒలికి చీర తడుస్తోంది. వయసు మీద పడి వచ్చిందనుకున్న వణుకు అది. అత్తగారు గ్లాసు కింద పెట్టేసి చేతులు కొంగులో దాచుకుంది.

భర్త గొణిగాడు. "ఆ పొగ మనిషిని తినేస్తుందని నాన్న అంటూనే ఉండేవాడు..."

"తెలిసే నన్ను కూర్చోబెట్టావా?"

"పని ఆగితే ఇల్లెలా గడుస్తుందే?"

"నా నెత్తురు తగలేసి బొమ్మలకు మెరుగు పెట్టావురా!" మొగుణ్ని 'రా' అనడం అదే మొదలు. కిటికీ రెక్కలు బార్లా తీసింది. గదికి తాళం బిగించి, తాళంచెవి మురుగుకాల్వలోకి విసిరేసింది. రొప్పుతూ గోడకు చేరగిలబడింది తప్ప ఒక్క చుక్క కన్నీరు రానివ్వలేదు.

భర్త తిట్టుకుంటూనే ఇత్తడి పాలిష్ కొట్లో చేరాడు. అత్తగారిని ఆమే ఆసుపత్రికి తీసుకెళ్లింది. "నన్నన్న మాటలన్నీ ఇప్పుడనండి, వింటాను" అని దారంతా దులిపేసింది.

నెత్తురు మెల్లమెల్లగా పుంజుకుంది. బకెట్ ఎత్తగలుగుతోంది. వేళ్ల వణుకు మాత్రం పోలేదు.

"బాగయ్యావుగా, ఇక మర్చిపోరాదూ?" అన్నాడొకసారి భర్త.

"మర్చిపోను" అందామె. "నువ్వూ మర్చిపోకు."