మా ఇంట ఆవిడ తిన్న తొలి పిడికెడు

పొద్దున్నే ఫోన్ మోగి, తెర మీద మా వియ్యపురాలి పేరు కనబడితే నేను ముందు గొంతు సవరించుకునేదాన్ని. అవతలి నుంచి అందరిలా "హలో" రాదు. "ఏంది వదినా, ఇంకా బతికే ఉన్నవా?" అని వస్తుంది. దానికి తగిన జవాబు పళ్లు తోముకోకముందే తయారుగా ఉండాలి. మొన్న కూడా తయారుగానే ఎత్తాను. మాట్లాడింది ఆవిడ కొడుకు. "అత్తమ్మా, అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది," అన్నాడు. నేను సిద్ధం చేసుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో నా నోరు మూయించడం ఆవిడకు అదే మొదటిసారి. ఎదురుగా ఉండి ఆ గెలుపు చూసుకోలేకపోయిందని ఇప్పటికీ నాకు బాధ.

ఆవిడ మా కోడలి తల్లి. బూర్గంపాడు దగ్గర, గోదావరి పక్కనే వాళ్ల ఊరు. మిరపా మొక్కజొన్నా వేసే ఇల్లు. మేము పెనుబల్లిలో ఉంటాం. నేను బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నాకు నోరెక్కువని మా వీధి అభిప్రాయం. మా వియ్యపురాలిని విన్నాక వీధి ఆ అభిప్రాయాన్ని కొంచెం సవరించుకుంది.

పెళ్లయిన కొత్తలోనే ఒక సంగతి తేలింది. వాళ్లింటి పద్ధతి ప్రకారం, కూతురికి మగపిల్లాడు పుట్టేదాకా తల్లిదండ్రులు ఆమె అత్తగారింట్లో మెతుకు ముట్టరు. అందుకని ఆవిడ ఎప్పుడు వచ్చినా క్యారేజీ తెచ్చుకునేది. మా వరండాలో కూర్చుని, నేను వండిన గుత్తివంకాయ వాసన పీలుస్తూ, తను తెచ్చుకున్న చింతకాయ పచ్చడి కలుపుకునేది.

"వాసన చూస్తే పద్ధతి చెడదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"వాసన గాలిది. గాలి మీ ఇంట్ల పుట్టిందా?"

"మరి తాగుతున్న నీళ్లో?"

"బోరు నీళ్లు భూదేవియి. మీరు మోటరు పెట్టిన్రు, గంతే."

చట్టం ఆవిడదే, సవరణలూ ఆవిడవే. నేనూ పట్టుబట్టలేదు. వండే పని ఒకరి మేర తగ్గిందనుకున్నాను.

తర్వాత మాకు మనవరాలు పుట్టింది. మా కొడుకూ కోడలూ ఒక్క పిల్ల చాలనుకున్నారు. అంటే మా ఇంట్లో ఆవిడ భోజనం ఇక శాశ్వతంగా రద్దయినట్టే. కోడలు పైకి ఏమీ అనేది కాదు. తల్లి క్యారేజీ విప్పే వేళకు మాత్రం ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేది.

పిల్ల రెండో తరగతిలో ఉండగా గోదావరి బాగా పొంగింది. వాళ్ల ఊరు ఖాళీ చేయమన్నారు. కొడుకు కుటుంబం గొడ్లను తోలుకుని మెరక మీదున్న బడికి చేరింది. ఈవిడా అక్కడికే పోతానంది. ఇటు మా కోడలు ఫోన్‌లో ఒకటే ఏడుపు. చివరికి మావాడు వెళ్లి తీసుకొచ్చాడు. ఆటో దిగిన సామాను చూస్తే నాకు నవ్వాగలేదు. బియ్యం సంచి, కందిపప్పు, ఉప్పు, బెల్లం డబ్బా, నెయ్యి సీసా, గుడ్డలో మూట కట్టిన పేలాల మొక్కజొన్న, వీటన్నిటి మీదా ఒక ఇనప మూకుడు.

"ఊరు మునుగుతుంటే మూకుడు తెచ్చావా వదినా? బంగారమేదీ?"

"కొడుకు దగ్గరుంది. దాన్ని వండుకుంటమా ఏంది?"

ఆ రోజు నుంచి మా వంటింట్లో రెండు వంటలు. ఆవిడ బియ్యం ఆవిడ గిన్నెలో, మా బియ్యం మా గిన్నెలో. గ్యాస్ మాదేనని నేను గుర్తు చేయలేదు. నాకూ కొంత మర్యాద ఉంది. పైగా గుర్తు చేస్తే అగ్నిదేవుడి పేరు చెప్పి తప్పించుకుంటుంది.

ఒక మధ్యాహ్నం మనవరాలు తన కంచం తీసుకెళ్లి అమ్మమ్మ పక్కన చతికిలబడింది.

"అమ్మమ్మా, నా కంచంలోది ఒక ముద్ద తిను."

"వద్దు బిడ్డా. నీకు తమ్ముడు పుట్టినంక తింట."

"తమ్ముడు పుట్టడు. అమ్మ చెప్పింది." కంచం ఇంకొంచెం ముందుకు జరిపింది. "మరి నేను పుట్టిన కదా?"

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న కోడలి చేతులు ఆగిపోయాయి. పంపు నీళ్లు ఉత్తినే పడుతున్నాయి. పిల్ల మాత్రం ఏడవలేదు. కంచం పట్టుకుని లేచి తాత పక్కకు మారింది. అప్పటినుంచి అమ్మమ్మతో మాటలు బంద్. ఎదురుపడితే గోడవైపు తిరిగి నడిచేది.

మర్నాటికి ఆవిడ ముఖం చూడలేకపోయాను. గోదావరి ఇంట్లోకి వచ్చిందన్న కబురుకు కూడా అంత వాడిపోలేదు. వంటింటి గడపలో నిలబడి, "వదినా, పిల్లకు బాగ ఇష్టమైనదేంది?" అని అడిగింది.

"ఖమ్మంలో సినిమా హాల్లో తిన్నది. బెల్లం రంగు పాప్‌కార్న్. మధ్య మధ్య పల్లీలు ఉంటాయి. కారమెల్ అంటారు."

"పేలాలే కద?"

"పేలాలే. డబ్బా పెద్దది, పేలాలు తక్కువ."

"అయితే చేద్దాం. మక్కలు దాని కోసమే తెచ్చిన."

ఇదంతా తలుపు వెనక నుంచి విన్న పిల్ల, గోడకేసి చూస్తూనే నాకు చెప్పింది: "నానమ్మా, ఆమెకు చెప్పు. ఆమె తింటేనే నేను తింట."

ఇద్దరి మధ్య మూడడుగుల దూరం. రాయబారం నాది. మా వియ్యపురాలు వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. మొక్కజొన్న తనది, బెల్లం తనది, నెయ్యి తనది. ముఖం కాస్త విప్పారింది. "తింటనని చెప్పు," అంది.

అప్పుడు నేను మా పల్లీల డబ్బా దింపాను. ఆవిడ ఆ డబ్బాను చూసింది, నన్ను చూసింది.

"పల్లీలు లేకుంట చెయ్యరాదా?"

"చేయొచ్చు. పిల్ల తినదు."

ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

పేలాలు వేయించేటప్పుడు ఆవిడ చూసేది కాదు, వినేది. మూత మీదికి చెవి వంచి, గింజల చప్పుడు ఎడమవుతుంటే మంట తగ్గించేది. "పొయ్యి కాడ మాట్లాడకు వదినా, మాట పాకంల పడుతది," అని నన్ను కసిరేది. తను మాత్రం ఎడతెగకుండా మాట్లాడేది. ఆవిడ మాటలు పాకంలో పడవు కాబోలు. నేను పల్లీలు దోరగా వేయించి, పొట్టు నలిపి, చాటలో చెరిగాను. బెల్లం కరిగింది, పొంగింది. గిన్నెలో నీళ్లు పోసి చుక్క వేసి చూస్తే గట్టిపడి టక్కుమంది. పేలాలూ పల్లీలూ అందులో పోసి కలిపాం.

ఆ తర్వాత జరిగినది మా ఇద్దరిలో ఒక్కరే ఉంటే జరిగేది కాదేమో. తొలి ఏకాదశి అప్పుడే దాటింది. చిన్నప్పటినుంచి పేలాలూ బెల్లమూ కలిస్తే చేతులకు తెలిసిన పని ఒకటే. ఇద్దరం ఒక్కమాట కూడా అనుకోకుండా చేతులు తడి చేసుకుని, వేడివేడిగా ఉండలు నొక్కడం మొదలుపెట్టాం. ఆవిడ ఒకటి చేస్తే నేను రెండు. పోటీ కూడా పెట్టుకున్నాం. పళ్లెం నిండాక పిల్లను పిలిచాం.

వచ్చి చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది.

"ఇవి లడ్డూలు! పాప్‌కార్న్ దేనికది విడివిడిగ ఉంటది! మొత్తం నొక్కేసిన్రు!"

మా ఆయన ఒకటి కొరికి చూశారు. మారుమాట లేకుండా కట్టుడు పళ్లు తీసి గ్లాసు నీళ్లలో వేసుకున్నారు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత కోడలు నవ్వడం చూశాను.

"నీ మూలానే," అన్నాను వియ్యపురాలితో.

"ముందు చెయ్యి తడి చేసింది నువ్వే. టీచరమ్మవు కదా, తెలిసే చేస్తున్నవనుకున్న."

రెండో విడతకు కోడలు ఫోన్‌లో ఒక వీడియో పెట్టి మా ముందు నిలబెట్టింది. పాకం దించి, చిటికెడు వంటసోడా వేయమన్నాడు అందులో మనిషి. వేయగానే పాకం బుసబుసా నురగెత్తి బంగారు రంగుకు తిరిగింది. మా వియ్యపురాలు ఒకడుగు వెనక్కి వేసి, "అమ్మో, దీనికి కోపమొచ్చింది," అంది. కలిపి, నెయ్యి రాసిన పళ్లేల మీద పలచగా పరిచాం. వేడి మీదుండగానే ఒక్కో గింజనూ విడదీయాలి. నా వేళ్లు కాలి నేను మానేశాను. ఆవిడ మానలేదు. వేళ్ల కొసలు చెవి తమ్మెకు అంటించుకుంటూ, ఉఫ్ ఉఫ్ అంటూ, పళ్లెం అంతా విడదీసింది. బయట ముసురు. గాలి తగిలితే మెత్తబడుతుందని తలుపులు మూశాం. ఇల్లంతా బెల్లం కాగిన వాసన.

పిల్ల వచ్చింది. పళ్లెంలోంచి దోసిలి నిండా తీసుకుంది. తను తినలేదు. అమ్మమ్మ ముందుకు వెళ్లి, గోడవైపు కాకుండా సూటిగా ముఖంలోకి చూస్తూ, దోసిలి చాచింది.

ఆవిడకు దారి లేకపోలేదు. దోసిట్లో పేలాలు ఎక్కువ, పల్లీలు తక్కువ. పేలాలు ఏరుకుని తినొచ్చు. పద్ధతీ చెడదు, ఇచ్చిన మాటా పోదు. నేను, మా కోడలు, పళ్లు లేని మా ఆయన, ముగ్గురం ఆవిడ వేళ్లనే చూస్తున్నాం. ఆ వేళ్లు పేలాలను పక్కకు నెట్టాయి. పాకం పట్టిన పల్లీ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొకటి. మూడోసారి పిడికెడు.

"పల్లీలు బాగ వేయించినవ్ వదినా," అంది.

"అవి మావి," అన్నాను. ఆవిడకు తెలియదని కాదు. నోరు ఊరుకోలేదు.

"అవ్. తెలుసు. తెలిసే తింటున్న." మనవరాలి తల దగ్గరికి లాక్కుంది. "నా బిడ్డ దిక్కు నాకు మనవడు ఇదే, మనవరాలు ఇదే. ఇంకెవరు పుట్టాల్నట?"

కోడలు ఈసారి లోపలికి పోలేదు. అక్కడే తల్లి పక్కన కూర్చుని పళ్లెంలో చేయి పెట్టింది. పిల్ల అమ్మమ్మతో పోటీ పడి తింటూ, ఇన్ని రోజులు దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారే చెప్పింది.

ఆ పూట ఆవిడ మాతో కూర్చుని మా అన్నం తింది. తొలి ముద్ద మింగి, "పప్పుల ఉప్పు తక్కువైంది," అంది. రెండో ముద్దకు, "వంకాయ ఇంకొంచెం మగ్గాలె," అంది. అన్నేళ్లు వరండాలో వాసన చూసి ఎన్ని తప్పులు పట్టి పెట్టుకుందో, వరుసగా బయటకు తీసింది. తినని రోజులే నయమని పైకి అన్నాను. లోపల మాత్రం ఇంకో గరిటె వడ్డించాలని చేయి లాగింది. వడ్డించాను కూడా. వద్దనలేదు.

వరద తీశాక వాళ్లూరు వెళ్లిపోయింది. ఆ తర్వాత వరద లేకుండానే వస్తూ పోయేది, క్యారేజీ లేకుండా. వచ్చినప్పుడల్లా పేలాలు చేసేవాళ్లం. ఒకసారి పాకంలో వాళ్ల మిర్చి కారం చిటికెడు వేసింది. మా ఆయన దగ్గి దగ్గి మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. వాళ్ల ఊళ్లో ఎవరో, కూతురింట్లో తింటున్నావట గదా అని దెప్పితే, "అవ్, బరువు కూడ పెరిగిన," అని జవాబిచ్చిందట. నాకు నచ్చిన ఆవిడ మాటల్లో అదొకటి. నేనే అని ఉండవలసింది.

మొన్న మేమంతా ఆ ఊరు వెళ్లాం. వాళ్లవైపు పెద్దవాళ్లు పోతే పాడె ముందు మనవళ్లు దివిటీ పట్టుకుని నడుస్తారు. కొడుకు పిల్లలిద్దరూ మగపిల్లలే, పక్కనే ఉన్నారు. ఆవిడ కొడుకు దివిటీ వెలిగించి మా మనవరాలి చేతికిచ్చాడు. "అమ్మ ఎప్పుడో చెప్పి పెట్టింది," అన్నాడు, అంతే. వాళ్ల పెద్దాయన ఒకాయన గొణిగాడు. నేను ఆయన వైపు చూశాను. బడిలో వెనక బెంచీని చూసే చూపు, ఇంకా పనిచేస్తోంది.

పొలాల గట్టు వెంట అందరికన్నా ముందు ఆ పిల్ల నడిచింది. ఇప్పుడు నా అంత పొడుగైంది. గోదావరి మీంచి గాలి విసురుగా ఉంది. మంట పక్కకు వాలినప్పుడల్లా ఇంకో చేయి అడ్డం పెట్టి మళ్లీ నిలబెడుతోంది. సగం దూరం పోయాక ఆ గొణిగిన పెద్దాయనే దగ్గరికి వచ్చాడు.

"బరువైతున్నదేమో బిడ్డా. ఇటియ్యి, కొంచెం సేపు నేను పట్టుకుంట."

"బరువు లేదు తాతా," అంది, నడక ఆపకుండా.