నేనే చదివిస్తున్నా

లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరమ్మ అంటారు. ఇస్త్రీ యంత్రం మూత ఎత్తగానే లేచే తెల్లటి ఆవిరిలో ఆమె ముఖం మాయమవుతుంది. మళ్ళీ తేలేసరికి పెదవులు కదులుతూ ఉంటాయి. ఉదయం కాలేజీలో విన్న పాఠాన్ని సాయంత్రం హోటల్ దుప్పట్లకు అప్పజెప్పడం ఆమె అలవాటు.

ఫీజు స్కాలర్‌షిప్‌లో వచ్చేది. పుస్తకాలూ బస్సూ తిండీ ఆ దుప్పట్ల మీదే గడిచేవి. లాండ్రీ యజమానురాలిని అత్తా అని పిలిచేది. "మీరే నన్ను చదివిస్తున్నారత్తా" అంటూ ఒకసారి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే ఆవిడ కసిరింది.

"నేనెక్కడ చదివించానే? పని చేశావు, జీతమిచ్చాను. ఆ ఏడుపు దుప్పటి మీద పడితే మళ్ళీ ఉతకాలి. పక్కకు జరుగు!"

అన్నయ్యకు టైర్ల కొట్టు. తండ్రి పోయాక, తను వానలో తడుస్తూ చెల్లెలి మీద గొడుగు పట్టి బడికి తీసుకెళ్ళినవాడు. అంతకు మించి ఇవ్వడానికి అతని దగ్గర ఏనాడూ ఏమీ మిగల్లేదు. "చెల్లెల్ని ఎవరు చదివిస్తున్నార్రా?" అని కొట్టు దగ్గర స్నేహితులు ఆటపట్టిస్తుంటే అతని తల వాలిపోవడం ఒకరోజు ఆమె కంటపడింది.

"ఇంకెవరు? మా అన్నయ్యే!" అంది.

అతని ముఖంలో దీపం పెట్టినట్టయింది. తర్వాత ఎవరడిగినా అదే చెప్పేది. అది ఆమె అతనికి కుట్టించి ఇచ్చిన చొక్కా లాంటి మాట. ఎంత బాగా అమరిందంటే, కొన్నాళ్ళకు అతను విప్పడం మానేశాడు.

చివరి ఏడాది మొదట్లో స్కాలర్‌షిప్ సంస్థ నుంచి ఒకావిడ ఇంటికి విచారణకు వచ్చింది. చదివించే దిక్కులేని పిల్లలకే వాళ్ళ సాయం. ఆ వేళకు చెల్లెలు లాండ్రీలో ఉంది. అన్నయ్య కుర్చీ తుడిచి వేశాడు. పక్కింటివాళ్ళు గుమ్మం దగ్గర మూగారు.

"మీ చెల్లెలి చదువెలా సాగుతోందండీ?"

"నేనే చదివిస్తున్నా మేడమ్. ఎవరి ముందూ చెయ్యి చాచాల్సిన ఖర్మ మాకు లేదు."

స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఎందుకాగిందో కాలేజీ గుమాస్తా చెప్పాడు. "మీ అన్నయ్యగారే అన్నారటగా అమ్మా!"

ఆమె తిన్నగా కొట్టుకు వెళ్ళింది. అన్నయ్య ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"అన్నయ్యా, నువ్వొక్కసారి వాళ్ళ ఆఫీసుకొచ్చి నిజం చెప్పు. చాలు."

అతను తలెత్తలేదు. "అబద్ధమాడానని నా నోటితో నన్నే చెప్పమంటావా? రేపు వీధిలో ఎలా తిరగను?"

"నీ పరువు కోసం నా చదువు పోవాలా?"

"ఊరంతా చాటింది నువ్వేగా! ఇప్పుడు నన్ను దొంగను చేస్తావా?"

ట్యూబులోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. చిల్లెక్కడుందో ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

సంస్థ ఆఫీసుకు తనే వెళ్ళి చెప్పుకుంది. "ఇంట్లోవాళ్ళదో మాట, నీదో మాట. దేన్ని నమ్మమంటావు?" అన్నారు. ఆ ఏడాది లాండ్రీలో యంత్రం తెల్లవారకముందే వేడెక్కేది. అత్త ఏమీ అడగలేదు, తాళంచెవి చేతికిచ్చింది. ఆవిరమ్మ చేతుల మీద బొబ్బలు లేచాయి, అణిగాయి. ఫీజు కట్టింది. పరీక్షలు రాసింది.

ఫలితాలు వచ్చిన రోజు అందరికంటే ముందు అత్త నోట్లో మిఠాయి పెట్టింది. తర్వాత టైర్ల కొట్టుకు వెళ్ళింది. పక్కనున్న టీ కొట్టు బాబాయి కేకేశాడు.

"మొత్తానికి చెల్లెల్ని చదివించావురా!"

అన్నయ్య నవ్వబోయి ఆమె వైపు చూశాడు. ఆ పాత మాట కోసం ఎదురుచూసే చూపు అది. ఆమె అవుననలేదు, కాదనలేదు. మిఠాయి పొట్లం విప్పింది.

"తీసుకోండి అన్నయ్యా. మీరు నిలబడే ఉన్నారేం? కూర్చోండి."

"విన్నావా!" బాబాయి తొడ చరిచాడు. "చదువంటే అదీ! ఎంత మర్యాదొచ్చిందో, నిన్ను మీరంటోంది!"

అందరూ నవ్వారు. మాటలు వచ్చినప్పటి నుంచి ఆ చెల్లెలు అతన్ని 'నువ్వు' తప్ప మరోలా పిలిచి ఎరగదు. మిఠాయి అతని వేళ్ళ మధ్య పొడి అయింది.

"'నువ్వు' అనవే," అన్నాడు గొంతు తగ్గించి.

"వద్దులెండి," అంది.